నార్త్ లేక్ రేవులో బ్లూఫిన్ ట్యూనా

కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ తూర్పు కొసన నార్త్ లేక్ అనే చిన్న రేవు ఉంది. మే, జూన్ నెలల్లో లాబ్‌స్టర్లు పట్టే బోట్లే అక్కడి ఎండాకాలం చివర్లో ట్యూనా వేటకు బయల్దేరతాయి. మెక్సికో సింధుశాఖలోని వెచ్చటి నీళ్లలో గుడ్లు పెట్టే బ్లూఫిన్ ట్యూనా, హెర్రింగ్ చేపల్నీ మన కానాగంతల వంటి మాకెరెల్‌నీ తిని బలియడానికి ఇంత దూరం ఈదుకుంటూ వస్తుంది. పక్కనే ఉన్న నోవా స్కోషియా తీరంలో 1979లో కెన్ ఫ్రేజర్ గాలానికి చిక్కిన చేప 679 కిలోలు తూగింది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మేం ఎక్కింది పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేసే బోటు. నాతో వచ్చిన, నేను తమ్ముడని పిలుచుకునే కుర్రాడిది ఆంధ్ర తీరంలోని పూడిమడక. వాళ్ల నాన్న బంగాళాఖాతంలో చేతి గాలంతో ట్యూనా పట్టి ఇల్లు నడిపిన మనిషి. "అన్నా, మా ఊళ్లో సూర పడితే ఇంటిల్లిపాదికీ పండగే. ఇంత చేపని వొదిలేస్తారేటి?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు న్యాయంగానే తోచింది. బతుకుతెరువు కోసం వేటాడేవాడి లెక్క వేరు, సరదాకి వచ్చిన మా లెక్క వేరు.

ఎర్రమట్టి కొండచరియలు కనుమరుగు కాకముందే కెప్టెన్ ఇంజన్ తగ్గించి, గంపలోంచి హెర్రింగ్ చేపల్ని ఒక్కొక్కటే వెనక్కి విసిరాడు. కాసేపటికి నీళ్లు ఒక్కసారి పొంగి, ముదురు నీలం వీపు ఒకటి బోటుకు చేరువలో పైకి లేచి ఎరను అందుకుని మునిగిపోయింది. ఆ తర్వాత ఇంకొకటి. అంత పెద్ద ప్రాణి అంత వేగంగా తిరగడం నేను ఎన్నడూ చూడలేదు. తమ్ముడు అప్రయత్నంగా చేతులు జోడించాడు.

ముల్లు లేని గాలానికి హెర్రింగ్ గుచ్చి వదిలాం. చేప పట్టుకోగానే రీలు కేక పెట్టింది. లైను వందల మీటర్లు పోయింది. నడుముకు పట్టా బిగించుకుని, కాళ్లు తన్నిపెట్టి లాగుతుంటే మోచేతుల్లో వణుకు పుట్టింది. చేప ఆగినప్పుడు నాలుగు చుట్లు చుడతాం, అది మళ్లీ అంతకు రెట్టింపు లాక్కుపోతుంది. కెప్టెన్ మాత్రం గడియారం చూస్తూనే ఉన్నాడు. గంట దాటితే లైను కోసేస్తానని ముందే చెప్పాడు. కారణం కూడా వివరించాడు. చాలా చేపల ఒళ్లు నీళ్లంత చల్లగానే ఉంటుంది. బ్లూఫిన్ మాత్రం కండరాల్లో పుట్టిన వేడిని పోనివ్వదు. మొప్పల నుంచి వచ్చే చల్లటి నెత్తురు, కండల నుంచి వెళ్లే వెచ్చటి నెత్తురు పక్కపక్క నాళాల్లో ఎదురెదురుగా పారుతూ వేడిని లోపలే నిలుపుతాయి. చల్లటి సముద్రంలో దాని బలం అదే. ఎక్కువసేపు పెనుగులాడితే ఆ వేడీ అలసటా కలిసి దాని ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే బలమైన రాడ్డు, మందపాటి లైను వాడి త్వరగా ముగించాలి. సన్నటి లైనుతో గంటల తరబడి ఆడించడం గొప్పని చెప్పుకునేవాళ్లతో నేను ఏకీభవించను.

చివరికి చేప బోటు పక్కకొచ్చింది. రెండున్నర వందల కిలోల పైనే ఉంటుందన్నాడు కెప్టెన్. దాన్ని పైకి ఎత్తలేదు. ఈత ఆగితే ట్యూనాకు ఊపిరాడదు. నోరు తెరిచి ముందుకు సాగితేనే మొప్పల్లోకి నీరు వెళ్తుంది. అందుకని బోటును నెమ్మదిగా నడుపుతూ దాన్ని పక్కనే ఈదించారు. తోక బలంగా కొట్టడం మొదలయ్యాకే గాలం తీశారు. తమ్ముడు దాని వీపు మీద చేయి వేసి, "పో తల్లీ" అన్నాడు.

తిరుగుదారిలో కెప్టెన్ ఎరచేపల గురించి చాలాసేపు చెప్పాడు. నిల్వలు పడిపోవడంతో 2022లో కెనడా ప్రభుత్వం ఈ ప్రాంతంలో మాకెరెల్ వాణిజ్య వేటనూ, వసంతకాలపు హెర్రింగ్ వేటనూ నిలిపివేసింది. ఆ తిండి లేకపోతే బ్లూఫిన్ ఇక్కడికి ఎందుకు వస్తుందని అతని బెంగ.

అటు వెళ్లే తెలుగువాళ్లు ఆగస్టు నుంచి అక్టోబరు లోపు ప్రయాణం పెట్టుకోండి. డబ్బు కట్టేముందు కెప్టెన్‌ని ఒక్క మాట అడగండి: చేపను ఎంతసేపట్లో వదిలేస్తారని. సూటిగా జవాబు చెప్పినవాడి బోటే ఎక్కండి.