ఊరికే

కడప జిల్లాని నేను చాలా ఏళ్లు బస్సు కిటికీలోంచే చూశాను. అక్కణ్ణుంచి అది చదునుగా, మట్టిరంగులో, రెండు మాటల్లో చెప్పేయగలిగేట్టు ఉంటుంది: కరువు సీమ. ప్రొద్దుటూరులో ఇంట్లో కూర్చుని బెంగుళూరు కంపెనీకి కోడ్ రాయడం మొదలయ్యాక రోడ్ బైక్ కొన్నాను. అప్పట్నుంచి ఆ రెండు మాటలు చాలడం లేదు.

నా శనివారం దారి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, గండికోట. రానూపోనూ దాదాపు 70 కిలోమీటర్లు. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి, చలికాలంలో శనగ చేలు. ఊరు దాటాక ఎర్రమల కొండలు మొదలవుతాయి. జూన్, జూలైల్లో పడమటి గాలి ఎదురు కొడుతుంది. ఎక్కుడు కన్నా గాలే కష్టం. ఎక్కుడుకి పైన ఒక చివరంటూ ఉంటుంది.

పైకెళితే పెన్న కోసిన లోయ. అందరూ ఫోటోలు తీసుకునేది అక్కడే. ఎగువన గండికోట జలాశయం, 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు కాలువల్లో ఇక్కడిదాకా వస్తాయి. ఆ నీళ్ల కోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఈ సీమలో నీళ్లు లేకపోవడమే కాదు, నీళ్లు రావడం కూడా ఒక కథే.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' మొదటిసారి చదివినప్పుడు నాకు అడవీ, పులీ గుర్తుండిపోయాయి. ఎక్కుళ్లు కాళ్లకు తెలిశాక మళ్లీ చదివితే, కరువులో గొర్రెల్ని నల్లమలకు తోలుకుపోయేవాళ్ల లెక్కలు కనపడ్డాయి: నీళ్లెంత దూరం, పొద్దెంత ఉంది. కరువు కథలంటే "మళ్లీ అదేనా" అని మనలో ఒక విసుగుంది. దూరాల్ని ఒంటితో కొలవనివాళ్లకే ఆ విసుగు సులువు. అలాగని సైకిలు తొక్కితే వాళ్ల బతుకు తెలిసిపోదు. నా బాటిల్ ఖాళీ అయితే నేను అంగట్లో నీళ్లు కొనుక్కుంటాను.

మా అబ్బ ఇదే దారిలో సైకిలు మీద చెనిక్కాయల మూటలేసుకుని పోయేవాడు, ఎక్కుడొస్తే దిగి తోసేవాడు. నాయనకు నా సైకిలంటే సగం నవ్వు, సగం కోపం. "ఎండన పడి తిరక్కూడదనే కదరా నిన్ను చదివిచ్చింది" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పోయిన నెల ఎక్కుడు మధ్యలో ఆగితే గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన పలకరించాడు.

"యాడికి బోతాండావబ్బీ?"

"గండికోటకు, తాతా."

"ఏం పనిమీంద?"

"ఊరికే."

కాసేపు నన్నూ, సైకిల్నీ చూశాడు. "ఊరికే పొయ్యే కాలమొచ్చిందంటే మంచిదేలే నాయనా" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట నాయనకు చెప్పాను. ఏమీ అనలేదు. తర్వాతి శనివారం బయల్దేరుతుంటే మాత్రం, "ఎండ ముదరకముందే వచ్చేయ్" అన్నాడు.