వినడం నేర్పే చదువు

వృత్తి మార్గం చూపడమంటే ఉద్యోగాల జాబితా చదివి వినిపించడమేనని చాలామంది అభిప్రాయం. 1908లో బోస్టన్ నగరంలో వృత్తి సలహా కార్యాలయాన్ని నెలకొల్పిన ఫ్రాంక్ పార్సన్స్ అలా భావించలేదు. తన్ను తాను తెలుసుకోవడం, వృత్తుల స్వరూపాన్ని గ్రహించడం, ఆ రెండింటినీ సమన్వయించి ఆలోచించడం: ఆయన చూపిన మెట్లు మూడే. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆయన గ్రంథం 1909లో వెలువడింది.

నేడు అమెరికా విశ్వవిద్యాలయాలలో ఈ శాస్త్రాన్ని అభ్యసించే ఉన్నత విద్యార్థులు పుస్తకాలతో సరిపెట్టుకోరు. అధ్యాపకుల పర్యవేక్షణలో, తమకంటే చిన్న తరగతుల విద్యార్థులతో ముఖాముఖి సంభాషిస్తారు. వారి అనుమతితో ఆ సంభాషణను రికార్డు చేసి, తరువాత గురువుతో కలిసి వింటారు. అసలు లోపం అప్పుడు బయటపడుతుంది. "నేను డాక్టరును కావాలని నాన్నగారి కోరిక" అని కుర్రవాడు ఒక్క క్షణం ఆగేసరికి, శిక్షణార్థి సలహా అందుకుంటాడు. మరికాస్త ఓపిక పట్టి ఉంటే "నాకు మాత్రం..." అన్న మాట వెలువడేదేమో!

అభిరుచి పరీక్షలు దిక్కును సూచించగలవు; నిర్ణయం ఆ యువకుడిదే. సలహాదారు తన ఇష్టాన్ని కూడా అతనిపై మోపితే, తండ్రి పెట్టిన బరువుకు మరొకటి తోడవుతుంది. ఆ బరువుతోనే అతడు ముప్పై, నలభై ఏళ్ళు కొలువు చేయవలసివస్తుంది.

మౌనం నేర్పడానికి విశ్వవిద్యాలయమెందుకని నవ్వేవారు ఉండవచ్చు. పరీక్షా ఫలితాలు వచ్చిననాడు మన ఇళ్ళలో ఎందరు పెద్దలు పిల్లల మాట చివరిదాకా వింటున్నారో తలచుకుంటే, ఆ నవ్వు నిలువదు.