అలలు పాడే ఊళ్లో... రాతి కోట!

పేరులోనే పాట ఉంది. తరంగంబాడి అంటే అలలు పాడే చోటు! తమిళనాడు తీరంలో, కారైకాల్‌కు కాస్త ఉత్తరాన ఉంటుందీ చిన్న ఊరు.

1620లో డెన్మార్క్ వర్తకులకు ఇక్కడ చోటిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. మిరియాల వ్యాపారం కోసం వచ్చినవాళ్లు కట్టుకున్న డాన్స్‌బోర్గ్ కోట ఇప్పటికీ సముద్రానికి ఎదురుగా నిలబడే ఉంది. ఆ పక్కనే పాతకాలపు మేడలతో కింగ్స్ వీధి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి. 1845లో వాళ్లు ఊరిని ఆంగ్లేయులకు అమ్మేసి వెళ్లిపోయారు.

ఒడ్డు వెంబడి కొద్ది దూరం నడిస్తే మాసిలామణినాథర్ గుడి. పాండ్యుల కాలం నాటిది. పాటలు పాడే ఆ అలలే దీన్ని కొంచెంకొంచెంగా కొరికేశాయి. గుడి ముందు భాగం ఎప్పుడో కడలిపాలైంది. 2004 సునామీ ఊరినే అతలాకుతలం చేసింది. మిగిలిన గుడినైనా దక్కించుకోవాలని ఒడ్డున బండరాళ్లు పేర్చారు.

చెన్నై నుంచి రైల్లో మయిలాడుతురై చేరితే, అక్కడి నుంచి బస్సులుంటాయి. రాత్రికి అక్కడే ఉండి, పిల్లల్ని పొద్దున్నే లేపి తీరానికి తీసుకెళ్లండి. సూర్యోదయంతో పాటు, సముద్రం ఇంకా వదిలిపెట్టిన చరిత్రనూ చూస్తారు.