మా ఇంటి సముద్రంలో ఉప్పు

సార్నియాలో కాపురముంటూ ఉప్పునీళ్ళ కోసం తాపత్రయమేమిటని మిత్రులు నవ్వుతుంటారు. నిజమే. ఎదురుగా హ్యూరాన్ సరస్సు, పక్కన సెయింట్ క్లెయిర్ నది, ఎటు చూసినా మంచినీళ్ళే. అయినా మా ముందుగదిలో 280 లీటర్ల అద్దాల తొట్టి ఒకటుంది. అందులో రెండు క్లౌన్ చేపలు, నాలుగైదు రకాల పగడాలు (హారంలో గుచ్చుకునేవి కావు లెండి, బతికున్నవి), ఒక ఎర్రచారల రొయ్య. చేపల ఒంటిమీది పురుగులు ఏరి తినడం ఆ రొయ్య వృత్తి. అంచేత మా ఎనిమిదేళ్ళ అమ్మాయి దానికి "డాక్టరుగారు" అని పేరు పెట్టింది.

సముద్రంలో ఉప్పు లీటరుకి సుమారు 35 గ్రాములు. పగడాల తొట్టిలో అది 34కీ 36కీ మధ్య నిలబడాలి. సముద్రం పెద్దది, ఒక ఎండకో వానకో చలించదు. తొట్టి అలా కాదు. పైగా మా ఊరి చలికాలం సంగతి మీకు తెలుసు. ఫర్నెస్ రాత్రింబవళ్ళు తిరుగుతుంది, ఇంట్లో గాలి ఎండిపోయి మన పెదవులే పగులుతాయి. తొట్టి రోజుకి నాలుగు లీటర్లు ఆవిరై పోయేది.

2024 జనవరిలో మేము చేసిన పని ఇది: సముద్రం నీళ్ళు తగ్గాయి గదా అని ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తూ వచ్చాం. ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదని, పొయ్యిమీద పప్పు ఎక్కువసేపు మరిగించిన వాళ్ళెవరికైనా తెలుసు. ఇంట్లో ఒక డాక్టరూ ఒక ఇంజనీరూ ఉండి మాకు తట్టలేదు. రోజుకి 140 గ్రాముల ఉప్పు అదనంగా చేరింది. వారంలో దాదాపు కిలో. తొట్టిలో పెట్టి చూసే ముల్లు మాత్రం 35 దగ్గరే నిలబడింది. దానిమీద సున్నపు పెచ్చు కట్టి బరువెక్కిందనీ, బరువెక్కిన ముల్లు తక్కువ చూపిస్తుందనీ తరువాత తెలిసింది.

పగడాలు ముడుచుకోవడం చూసి, ఒక చుక్క వేసి వెలుగులో చూసే రిఫ్రాక్టోమీటరు తెప్పించాం. అది 39 చూపించింది. గాభరా పడ్డాం. ఆ సాయంత్రమే బకెట్లతో ఉప్పునీళ్ళు తోడి మంచినీళ్ళు పోసి, గంటన్నరలో 35కి దించి, హమ్మయ్య అని భోజనాలకి కూర్చున్నాం.

తెల్లారేసరికి డాక్టరుగారు రాతి పక్కన వెల్లకిలా పడి ఉన్నారు.

అసలు బాధ రొయ్య పోవడం ఒక్కటే కాదు. నీళ్ళు సరిగా తాగని వృద్ధులు రక్తంలో సోడియం 160 దాటి ఆస్పత్రికి వస్తారు. అది నెమ్మదిగా పెరిగిందయితే నెమ్మదిగానే దించాలి, రోజుకి 10, 12కి మించకూడదు. శరీరంలోని కణాలు ఆ ఉప్పుకి అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారి పలచన చేస్తే నీళ్ళు లోపలికి దూకి కణాలు ఉబ్బుతాయి, మెదడు వాస్తుంది. ఈ ముక్క మేము జూనియర్లకి ఎన్నిసార్లు చెప్పామో! చేపలకి ఏమీ కాలేదు. వాటి రక్తంలో ఉప్పు సముద్రంలో దాదాపు మూడోవంతే, ఎక్కువైనది మొప్పల ద్వారా బయటికి నెట్టేస్తాయి. పగడాలకి ఆ ఏర్పాటు లేదు, ఆ రొయ్యా తట్టుకోలేకపోయింది.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న బాబాయితో ఫోనులో చెబితే, "ఒరే డాక్టరూ, వారం రోజులు ఎక్కిన ఉప్పు గంటలో దింపుతార్రా ఎవరైనా? సీడు వదిలేటప్పుడు చెరువు నీళ్ళు కొంచెం కొంచెం కలిపి అలవాటు చేస్తాం గదా మేమైనా" అన్నాడు. ఆయన జేబులోనూ అదే రిఫ్రాక్టోమీటరు. ఆయన పోరు వానతో. పెద్ద వాన పడితే మీద తేలిన మంచినీళ్ళు వదిలించాలి. మా పోరు ఫర్నెస్‌తో.

ఇప్పుడు పద్ధతి మార్చాం. తగ్గిన మేరకి శుద్ధి చేసిన మంచినీళ్ళే, ఒక తేలుబంతి మీట ద్వారా వాటంతటవే పడతాయి. పక్కనుంచే డబ్బా పది లీటర్లే. మీట ఇరుక్కుని మొత్తం ఒలికినా ఉప్పు 34 దగ్గర ఆగుతుంది. రిఫ్రాక్టోమీటరుని వట్టి నీళ్ళతో సున్నాకి సరిచూస్తే చాలదు, 35 ఉన్న ప్రమాణ ద్రావణంతో చూడాలి. తేడా వస్తే రోజుకి ఒకటికి మించి దించం.

మా అమ్మాయికి ఒక సందేహం. మన ఊరి కిందే ఉప్పు పొరలున్నాయట, గోడ్రిచ్‌లో సరస్సు అడుగున గని ఉందట, మరి సంచుల్లో ఉప్పు కొనడమెందుకని. మా ఇంజనీరు విప్పి చెప్పాల్సి వచ్చింది: ఎప్పుడో ఇక్కడున్న సముద్రం ఎండి మిగిలిన రాతి ఉప్పు అది, రోడ్లమీద మంచుకి సరిపోతుంది. పగడాలకి కాల్షియం, మెగ్నీషియం కూడా తగుపాళ్ళలో కావాలి.

మార్చిలో లండన్ నుంచి (మన ఒంటారియో లండనే) ఇంకో రొయ్యని తెచ్చాం. సన్నని గొట్టంతో చుక్క చుక్కగా రెండు గంటలు మా నీళ్ళు అలవాటు చేసి వదిలాం. మూడో వారం పొద్దున్నే అమ్మాయి ఏడుస్తూ లేపింది, ఈ డాక్టరుగారూ పోయారని. వెళ్ళి చూస్తే అది కుబుసం. అసలు మనిషి రాతి వెనక మీసాలు ఊపుతున్నారు. ఆ కుబుసం ఇప్పటికీ మా ఖాళీ మాత్రల డబ్బా ఒకదానిలో, దూదిమీద ఉంది.