సూపులో ఏముంది?

కీసర దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి రాంపల్లి మీదుగా ఉప్పల్ వైపు వస్తుంటే దారి పొడవునా బోర్డులే. నాటుకోడి పులుసు, మటన్ బిర్యానీ, మండీ, తలకాయ కూర, బోటీ. మధ్యలో చెంగిచర్ల వైపు మళ్లితే ఏకంగా జాతీయ మాంస పరిశోధన సంస్థే ఉంది. కేంద్రం 2014లో చేయించిన నమూనా సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లేనని తేలింది. పెద్ద రాష్ట్రాలన్నిటిలోకీ మనదే పైచేయి. ఇట్లాంటి గడ్డ మీద శాకాహారుల్ని, వాళ్లలో పాలూ పెరుగూ కూడా ముట్టని వీగన్లని ఒక్కచోటికి చేర్చి, నెలకోసారి హోటల్లో భోజనం పెట్టించే పని ఎవరైనా కోరి నెత్తికెత్తుకుంటారా? నేను ఎత్తుకున్నాను. జీతం లేదు, మాటలు మాత్రం దండిగా పడతాయి.

వినడానికి తేలికే. “హైదరాబాదులో వెజ్ హోటళ్లకేం కరువండీ” అంటారు. నిజమే, హబ్సిగూడలో, తార్నాకలో, ఈసీఐఎల్ చౌరస్తాలో ‘ప్యూర్ వెజ్’ బోర్డు కనిపించని సందు ఉండదు. శాకాహారికి ఆ బోర్డు దగ్గర చిక్కు తీరిపోతుంది. వీగన్‌కు అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ హోటలువాడి గొప్పంతా నెయ్యిలోనే ఉంది. దోసె మీద నెయ్యి, కారప్పొడి మీద నెయ్యి, పప్పులో నెయ్యి, ఉలవచారులో మీగడ, కూరల పేజీ తిప్పితే సగానికి పైగా పనీరు. మాంసం లేని లోటును పాలతో పూడ్చాలన్న పట్టుదల ఏదో వాళ్లకుంది.

సర్వర్‌ని పిలిచి అడుగుతాం.

“అన్నా, ఈ కూరల పాలు గానీ నెయ్యి గానీ ఏస్తరా?”

“ప్యూర్ వెజ్ సార్.”

“వెజ్జే గానీ, పాలు పడ్తయా అని.”

“ఫ్రెష్ క్రీమ్ ఏస్తం సార్, మస్తుంటది.”

అతని తప్పేం లేదు. మన దేశంలో ప్యాకెట్ల మీద వేసే పచ్చచుక్క కూడా అదే మాట చెబుతుంది. గుడ్డు మాంసాహారం, పాలు శాకాహారం, తేనె శాకాహారం. వీగన్ ఆహారానికి ఆహార భద్రత ప్రమాణాల సంస్థ విడిగా నిబంధనలు తెచ్చింది 2022లో. అవి ప్యాకెట్లకు పనికొస్తాయి గానీ, ఉడుకుతున్న గిన్నె మీద ఎవరూ చుక్క పెట్టరు. అడిగి తెలుసుకోవాల్సిందే.

అడగబోయి తిట్లు తిన్నవాళ్లలో అందరికన్నా పెద్దాయన గాంధీ. లండన్‌లో చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడు ఆయన్ని నాటకానికి తీసుకెళ్తూ, ముందు భోజనానికి హోబర్న్ రెస్టారెంటులో కూర్చోబెట్టాడు. రాజమహల్ లాంటి హోటలు. మొదట సూపు వచ్చింది. అది దేనితో చేశారో తెలియదు, స్నేహితుణ్ని అడగడానికి మొహమాటం. సర్వర్‌కి సైగ చేశాడు. స్నేహితుడు చూడనే చూశాడు. సంగతి తెలిసి, నలుగురిలో మెలగడం రానివాడివి, ఇంకెక్కడైనా తిని నాకోసం బయట కాచుకో అని కసిరాడు. గాంధీ ఎగిరి గంతేసినంత పని చేసి బయటికొచ్చాడు. పక్కనే శాకాహార హోటలుంది గానీ అప్పటికి మూసేశారు. ఆ రాత్రికి పస్తే.

తర్వాత బేస్‌వాటర్ పేటలో ఉన్నప్పుడు ఆయనే ఒక శాకాహార సంఘం పెట్టాడు. ‘వెజిటేరియన్’ పత్రిక నడిపే ఓల్డ్‌ఫీల్డ్ అధ్యక్షుడు, ఆ పేటలోనే ఉండే కవి ఎడ్విన్ ఆర్నాల్డ్ ఉపాధ్యక్షుడు, తాను కార్యదర్శి. కొన్నాళ్లు బాగా నడిచింది. గాంధీ ఇల్లు మారాడు, సంఘం ఆగిపోయింది. ఆత్మకథలో ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. వాడకట్టు సంఘాలన్నీ ఇంతే, ఒక మనిషి అద్దె ఇంటి మీద నిలబడి ఉంటాయి.

1891లో ఇండియాకు ఓడ ఎక్కేముందు ఆయన మిత్రులకు విందు ఇచ్చాడు. ఎక్కడనుకున్నారు? అదే హోబర్న్‌లో. శాకాహార హోటల్లో శాకాహారం ఎటూ దొరుకుతుంది, మాంసం వండే హోటల్లో ఎందుకు దొరక్కూడదు అనుకుని, మేనేజరుతో ముందే మాట్లాడి అచ్చమైన శాకాహార భోజనం పెట్టించాడు. మొదటిసారి అడిగింది సూపు బల్ల మీదికి వచ్చాక. రెండోసారి అడిగింది పొయ్యి వెలిగించక ముందు. నేను చేసే పని మొత్తం ఈ రెండు రాత్రుల తేడాలోనే ఉంది.

హోటలు వంటిల్లు నడిచే పద్ధతి తెలిస్తే ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. ఆర్డరిచ్చాక మన కూర మొదటినుంచీ వండరు. పొద్దున్నే రెండు మూడు రకాల గ్రేవీలు పెద్ద గిన్నెల్లో చేసి పెట్టుకుంటారు. ఉల్లిపాయ టమాటా వేసిన ఎర్రది, జీడిపప్పుతో చేసిన తెల్లది, ఇట్లా. తెల్లదాంట్లో పాలో మీగడో కలిసిపోయి ఉంటుంది, ఎర్రదాంట్లో వెన్న. మనం అడిగాక దాన్లో ముక్కలు వేసి, రెండు మసాలాలు మార్చి, ఐదు నిమిషాల్లో పేరు పెట్టి పంపుతారు. అప్పుడు “క్రీమ్ వేయకండి” అంటే పైన ముగ్గులా వేసేది మానేస్తారంతే. లోపలిది లోపలే ఉంటుంది. నాన్ పిండిలో పెరుగు, ఒక్కోచోట గుడ్డు. వెజ్ బిర్యానీలో పెరుగు. వెజ్ సూపులో, చైనా వంటలు కూడా చేసే చోట, చికెన్ ఉడికించిన నీళ్లు పోయరన్న భరోసా ఎవరిస్తారు?

అందుకే రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడు దాటాక, భోజనాల రద్దీ తగ్గి మాస్టర్లు వెనక గుమ్మంలో కూర్చున్న వేళ చూసి వెళ్లాలి. కౌంటర్లో ఉన్నాయనతో మాట్లాడితే అన్నిటికీ సరేనంటాడు. మాస్టర్‌తో మాట్లాడితే కుదిరేదేదో కుదరనిదేదో చెబుతాడు. వీగన్ అన్న మాట అక్కడ వాడి లాభం లేదు. నెయ్యి, వెన్న, పాలు, పెరుగు, మీగడ, పనీరు, తేనె వద్దని విడివిడిగా వేళ్లు మడిచి చెప్పాలి. ఒకాయన అంతా విని, “మరి ఏం తింటరు సార్” అని నిజంగానే జాలిపడ్డాడు. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములకు వండినట్టే అనుకోండి, నియమం కొంచెం వేరు అన్నాను. వెంటనే పట్టుకున్నాడు. మనవాళ్లకు దీక్ష అంటే ఇట్టే తెలుస్తుంది, సిద్ధాంతం అంటే అనుమానం వస్తుంది. కార్తీకంలో ఉల్లి మానేవాళ్లు, శనివారం గుడ్డు ముట్టనివాళ్లు, 41 రోజులు నీసు వాసన సోకనివ్వనివాళ్లు, వీళ్లందరికీ వండిపెట్టిన చేతులు అవి. వాళ్లకు మా నియమం ఒక లెక్క కాదు, ముందు చెప్పాలంతే.

అసలు నలుగురూ కలిసి మాంసం లేని భోజనం చేయడం కీసరకు కొత్తేమీ కాదు. కార్తీకమాసం ఆదివారాల్లో కీసరగుట్ట చూడండి. రామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని, గుట్ట మీద ఎక్కడపడితే అక్కడ కనిపించే శివలింగాల మధ్య తిరిగి, చెట్ల కింద జంబుఖానాలు పరుచుకుని విస్తర్లు వేసుకుంటారు. పులిహోర, వంకాయ కూర, పప్పు, గారెలు. వనభోజనం మంచి ఆచారమే. కానీ ఇప్పుడు కార్తీకం రాగానే ఊరంతా కట్టే ఫ్లెక్సీలు చదివితే, పక్కన కూర్చునేవాడి కులం ముందే ఖాయమైపోయిన భోజనాలు ఎన్నో. వెనకటికి మన ఊళ్లలో ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అని బోర్డులుండేవి. ఆ బోర్డులు పోయి ఫ్లెక్సీలు వచ్చాయి, అంతే. శాకాహారం అనగానే కొందరు మొహం ముడుచుకోవడానికి ఈ పాత వాసనే కారణమని నేననుకుంటాను, వాళ్లను తప్పుపట్టను.

మా బల్ల దగ్గర ఆ వాసన లేదు. పుట్టుకతో శాకాహారులైనవాళ్లు తక్కువ. పత్రీజీ పిరమిడ్ ధ్యానంలో చేరి మాంసం మానేసినవాళ్లున్నారు. ఇంట్లో ప్రతి ఆదివారం మటన్ ఉడుకుతుంటే విడిగా పప్పు వండుకునే కోడళ్లున్నారు. డెయిరీల్లో దూడల గతి చూసి పాలు మానేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు. డాక్టరు మానమంటే మానినవాళ్లూ ఉన్నారు, వాళ్ల చూపు ఇంకా పక్క టేబుల్ మీదే ఉంటుంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న పుణ్యమేమో గానీ, ఎవరైనా కొత్తగా పాలు మానేశామంటే చాలు, బీ12 మాత్రలు వేసుకుంటున్నావా అని ముగ్గురు ఒకేసారి అడుగుతారు. అడగడం మంచిదే, వేసుకోవాల్సిందే.

వాదాలకు లోటుండదు. హబ్సిగూడలోని కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, చెంగిచర్ల మాంస పరిశోధన సంస్థ కలిసి జంతువును చంపకుండా కణాలనుంచి మాంసం పెంచే పని చేపడితే 2019లో కేంద్రం సుమారు నాలుగున్నర కోట్లు మంజూరు చేసింది. అది నిజంగా ప్లేట్లోకి వస్తే తింటారా అన్న ప్రశ్న మీద మాలో మాలో చీలిక. హింస లేనప్పుడు అభ్యంతరమేమిటని కొందరు, ఆ వాసనకే కడుపులో తిప్పుతుందని కొందరు. సమీప భవిష్యత్తులో వచ్చేలా లేదు కాబట్టి బల్ల విరగలేదు.

విరిగేంత పని చేసింది పెరుగు. తెలుగువాడికి కూర లేకున్నా గడుస్తుంది, చివర పెరుగన్నం కలుపుకోకపోతే భోజనం చేసినట్టే ఉండదు. వీగన్లేమో, మన సంఘం డబ్బుతో పాలు ఎందుకు కొనాలంటారు. గాంధీ కూడా ఇక్కడే ఇరుక్కున్నాడు. 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేసి, ఆవుపాలు, గేదెపాలే మనసులో ఉంచుకుని ఇక పాలు ముట్టనని ఒట్టు పెట్టుకుని, జబ్బుపడి లేవలేక చివరికి మేకపాలకు ఒప్పుకున్నాడు. ఒట్టు మాటలో నిలిచింది గానీ దాని ఆత్మ పోయిందని ఆయనే బాధపడ్డాడు. ఇంగ్లండులోనూ ఇదే తగాదా. పాలు తాగే శాకాహారులతో కుదరక డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు 1944లో వీగన్ సొసైటీ వేరు పెట్టుకున్నారు. మేం వేరు పడలేదు. వడ్డించేవన్నీ అందరూ తినగలిగేవే ఉండాలి, పెరుగు కావలసినవాళ్లు విడిగా చెప్పుకుని విడిగా డబ్బు కట్టుకోవాలి అని తీర్మానించాం. రెండు పక్షాలకూ కొంత అసంతృప్తి మిగిలింది, అంటే న్యాయమైన తీర్పే.

ఏ హోటలు అన్నదానికి వస్తే, నా ఓటు ఏసీ హాలూ అట్టబౌండు మెనూ ఉన్న చోటికి పడదు. మెస్సుకే పడుతుంది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా చుట్టుపక్కల షిఫ్టు కార్మికుల కోసం వండే చిన్న మెస్సులున్నాయి. అక్కడ గ్రేవీ గిన్నెలుండవు, పనీరు ఖరీదు కాబట్టి పనీరూ ఉండదు. చింతచిగురు దొరికే కాలంలో చింతచిగురు పప్పు, గోంగూర పచ్చడి, జొన్నరొట్టె, నువ్వులూ పల్లీలూ నూరి వేసిన వంకాయ కూర, పచ్చిపులుసు. నెయ్యి వేస్తే చివర గరిటెతో పైన వేస్తారు, వద్దంటే సరిపోయె. పేరు తెలియకుండానే వీగన్ వంట అది. నగరం వైపు బిర్యానీ హోటళ్లలోనూ మాకు అన్యాయం జరగదు. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ రెండూ పల్లీ, నువ్వులు, కొబ్బరి, చింతపండు మీద నడిచేవే. పైన మలై వేయకపోతే ఖుబానీ కా మీఠా కూడా ఎండు ఆప్రికాట్లూ చక్కెరే. కాకపోతే మాంసం వండే చోట కూర్చోలేనివాళ్లు మాలో ఉన్నారు, బలవంతపెట్టడం తగదు. ఒక నెల వాళ్ల కోసం, ఒక నెల హోబర్న్ పద్ధతి.

మిగతావి చిల్లర తలనొప్పులు. ఉప్పల్‌వాళ్లకు కీసర దూరం, కీసరవాళ్లకు మెట్రో కింద పార్కింగ్ దొరకదు, ఏళ్ల తరబడి సాగిన నారపల్లి ఫ్లైఓవర్ పనులను అందరూ కలిసి తిడతారు. వస్తామని చేతులెత్తినవాళ్లలో మూడోవంతు ఆ రోజు పెళ్లికి పోతారు. బిల్లు పంచుకోవడంలో గొడవ రాకూడదంటే అన్‌లిమిటెడ్ మీల్స్‌ని మించిన మందు లేదు. తలకింత, అయిపోయింది.

ఇక హోటలు యజమానులకు ఒక మనవి. పెద్ద ఖర్చేం లేదు. మీ మెనూలో ప్రతి వంట పక్కన నెయ్యి, పాలు, పెరుగు, గుడ్డు, వీటిలో ఏది పడుతుందో ఒక్క మాట రాసి పెట్టండి. అచ్చు వేయించనక్కర్లేదు, అట్టముక్క మీద రాసి కౌంటర్ దగ్గర తగిలించినా చాలు. షుగరు, కొలెస్టరాలు ఉన్నవాళ్లకు, పాలు పడని పిల్లల తల్లులకు కూడా అది పనికొస్తుంది. మీరు రాసిపెడితే మేం ఆదివారం పన్నెండున్నరకల్లా వచ్చి, తిని, సర్వర్‌కు టిప్పు ఇచ్చి, పక్క టేబుల్ చికెన్ గురించి ఒక్క మాట అనకుండా వెళ్తాం.