గుడ్డు వొండకూడని యిల్లు

మా గూడెంలో కోడి పెట్టిన గుడ్లు చింతపండుకో, వుప్పుకో కొట్టుకే పోయేవి. మిగిలిన ఒక్కదాన్నీ అమ్మ ఆరుగురికి సరిపెట్టేది. నాలుగు వుల్లిపాయలు మగ్గబెట్టి, కారం జల్లి, గుడ్డు కొట్టి కలిపేసేది. కూరంతా గుడ్డు వాసనే, ముక్క మాత్రం వెతుక్కోవాలి. ఎవరికన్నా జ్వరమొస్తేనే నిండు గుడ్డు. పుల్లలు కలిసొస్తాయని దాన్ని కడిగి, వుడికే అన్నంలోనే వేసేది.

టీచరుద్యోగమొచ్చి టౌన్లో యిల్లు అద్దెకడిగితే, "గుడ్డు కూడా వొండకూడదు మాస్టారూ" అని షరతు పెట్టి యిచ్చాడు ఓనరు. కులం అడగటం యిప్పుడిట్టా వుంది. బళ్ళో మధ్యాహ్న భోజనంలో సర్కారే గుడ్డు పెడుతుంది. నా యింట్లో మాత్రం, అమ్మ లాగే, కుక్కర్లో బియ్యంతోపాటు వేసి వాసన రాకుండా వుడకబెడతాం. పెంకులు కాయితంలో చుట్టి నా సంచీలో బయటికి.

మొన్న పాప ఆమ్లెట్ కావాలంది. పచ్చిమిర్చి తరిగి, కిటికీలన్నీ తీసిపెట్టి, రెండు గుడ్లతో వేశాను. ఒకటో తారీఖులోగా యింకో యిల్లు చూసుకోవాలి.