మైపాడు దారిలో తుప్పు
నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి వెళ్తుంటే సముద్రం కంటే ముందు తుప్పు కనిపిస్తుంది. ఇందుకూరుపేట దాటాక గేట్లు, షెడ్ల రేకులు, మోటార్ల స్టాండ్లు... అన్నీ ఒకటే రంగు.

ఓ రొయ్యల గుంట గట్టు మీద ఒకాయన ఏరేటర్ ఇనప ఫ్రేముని ఎమరీ పేపర్‌తో రుద్దుతున్నాడు.

"ఏటా ఇదే పనా బాబాయ్?"

"ఏం చేసేది అబ్బాయా! రెడాక్సైడ్ కొడితే పైన బాగానే ఉంటది. పైపు లోపల తినేస్తది. రాత్రిపూట ఫ్రేము ఇరిగి ఏరేటర్ ఆగిందా, గాలందక రొయ్య మొత్తం పోద్ది."

తుప్పు కూడా కరెంటు ఆటే. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది, ఇంకోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. మధ్యలో ఉప్పునీటి పొర వైరులా పనిచేస్తుంది. మైపాడు గాలిలో ఆ వైరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

అదే కరెంటుతో ఇనుముని కాపాడొచ్చు కూడా. హైవే మీద చెన్నై వైపు వెళ్తే తడ దగ్గర శ్రీసిటీ వస్తుంది. 2016 నుంచి అక్కడ ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. ఇప్పటి కార్ల ఫ్యాక్టరీల్లో పైరంగు వేసే ముందు బాడీ మొత్తాన్ని ఓ పెద్ద తొట్టిలో ముంచుతారు. 1960ల్లో ఫోర్డ్ మొదలుపెట్టిన పద్ధతే, తర్వాత మెరుగైంది. తొట్టిలో నీళ్లు, వాటిలో పాజిటివ్ చార్జ్ ఉన్న ఎపాక్సీ పాలిమర్ ఉంటాయి. బాడీకి నెగటివ్ కలిపి రెండు మూడొందల వోల్టులు ఇస్తే పాలిమర్ వచ్చి ఇనుముకి అతుక్కుంటుంది. నాకు భలే నచ్చింది దీని తర్వాతి సంగతి: పూత పడిన చోట కరెంటు తగ్గిపోతుంది, అప్పుడది పూత పడని మూలల్ని వెతుక్కుంటూ పోతుంది. బ్రష్‌కి ఆ తెలివి లేదు. మందం 20 మైక్రాన్లే, వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. ఆ తర్వాత ఓవెన్‌లో కాలుస్తారు.

టౌన్‌లో దొరికే పౌడర్ కోటింగ్ చూడ్డానికి బాగుంటుంది కానీ పైపు లోపలికి సరిగ్గా పోదు.

తొట్టి, ఓవెన్ గుంట గట్టుకి రావు. ఫ్రేములు చేసేవాళ్లే వెల్డింగ్ అయ్యాక ముంచి అమ్మాలి. ముందే ముంచితే వెల్డింగ్ వేడికి పూత కాలిపోతుంది. పైపులకి రంధ్రాలూ పెట్టాలి, లేకపోతే పాలిమర్, కరెంటు రెండూ లోపలికి చేరవు.

బాబాయ్ ఎమరీ పేపర్ ఆపాడు.

"రంధ్రం పెడితే ఉప్పునీళ్లు దూరవా?"

"దూరతాయి. లోపల పూత ఉంటే దూరినా కారిపోతాయి. ఇప్పుడైతే దూరినవి అక్కడే కూర్చుంటున్నాయి."